యముడైనా వచ్చి తిన్నాడు

వీధిలో అందరూ ఆమెను డ్రైవరమ్మ అంటారు. చాలాకాలం బడిపిల్లల వ్యాను నడిపింది. ఆ బడి మూతపడ్డాక ఆసుపత్రివాళ్ల శవాల బండి ఎక్కింది. గుంత కనిపిస్తే ఇప్పటికీ బండిని మెల్లగా దించుతుంది. వెనక పడుకున్నవాళ్లకు తెలియకపోయినా, పక్కన కూర్చున్న కొడుక్కో కూతురికో కుదుపు తెలుస్తుంది కదా అంటుంది.

తమ్ముడికి మాత్రం ఈ ఉద్యోగంతో తల కొట్టేసినట్టయింది. కళ్లద్దాల షాపు పెట్టుకుని నలుగురిలో తిరిగేవాడు మరి. తల్లి పోయాక వాడికి అన్నం కలిపి పెట్టి పెంచింది ఈ అక్కే. దీపావళి వెళ్లిన రెండోనాడు భగినీ హస్త భోజనానికి ఏటా ఆమె ఇంటికే వచ్చేవాడు. ఆ రోజు తోబుట్టువు చేతి వంట తిన్నవాడికి అకాల మరణ భయం ఉండదని నమ్మకం.

ఈసారీ చీర కవరు పట్టుకుని వచ్చాడు. గడప మాత్రం దాటలేదు.

"వంట నువ్వే చేశావా అక్కా?"

"ఇంకెవరు చేస్తార్రా? కాళ్లు కడుక్కుని రా."

వాడు చెప్పులవైపు చూస్తూ నసిగాడు. "నీ మరదలు ఒకటే గోల. రోజూ శవాల్ని ముట్టుకునే చేతులు, పండగపూట ఎలా తింటావంటోంది. ఈ ఒక్కసారికీ ఎదురింటి పిన్నిగారిచేత చేయించి వడ్డించమను."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఒరేయ్, ఈ పండగ ఎవరిదిరా? యముడిది! చెల్లెలు యమున రమ్మని రమ్మని పిలిస్తే, తీరిక లేదు తీరిక లేదని, ఆఖరికి ఓ రోజు వచ్చాడు. ఆవిడ బొట్టు పెట్టి, కూర్చోబెట్టి, కొసరి కొసరి వడ్డించింది. పొద్దున లేస్తే ప్రాణాలు తీసేవాణ్ని గడప బయట నిలబెట్టిందా? నీ చేతులెలాంటివని అడిగిందా?"

"అదంతా కథక్కా."

"కథే! ఆ కథ కోసమేగా చీర పట్టుకొచ్చావ్? పిన్నిగారు వడ్డిస్తే అది పిన్నిగారి భోజనం. నా చేత్తో తింటే తిను, లేదా మెట్లు అటున్నాయి."

"పోనీ, ఆ ఉద్యోగం మానేస్తావా?"

"చస్తే మానను."

వాడు కవరు గుమ్మం పక్కన పెట్టబోయాడు.

"అదీ పట్టుకుపో. నా ఇంట్లో మెతుకు ముట్టనివాడి చీర నాకెందుకు?"

వాడు మెట్లు దిగిపోయాడు. తర్వాత వాడికని వేసిన పీట మీద తనే కూర్చుని, వాడికని పెట్టిన కంచంలోనే తింది. మొదటి ముద్ద గొంతు దిగలేదు. రెండోది దిగింది. వంకాయ కూర గిన్నె ఊడ్చేసింది.

సాయంత్రం ఫోన్ మోగింది.

"అక్కా, కూర ఏమైనా మిగిలిందా? పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు."

"మిగల్లేదు. అంతా నేనే తినేశాను. ఇంట్లో పెట్టమను."

"ఇవాళ ఇంకెక్కడో ఎలా తింటానే?"

ఆ మాటకు ఆమె మెత్తబడింది. అయినా తగ్గలేదు. "ఇవాళ్టిది అయిపోయింది. వచ్చే ఏడు రా."

"నువ్వే వడ్డిస్తావా?"

"నేనే. అదే బండి దిగొచ్చి."

వాడు మళ్లీ ఉద్యోగం మానెయ్యమని అంటే ఫోన్ పెట్టేద్దామనుకుంది. అనలేదు.

"డ్యూటీకి టైమైంది, ఉంటా. ముందు ఏదైనా తిను" అని బండి తాళాలు అందుకుంది.