భూతద్దం మేడమ్ ఆకుపచ్చ సంతకం

మా విభాగంలో డిగ్రీ పిల్లలు ఏ సెమిస్టరులో ఏ కోర్సు తీసుకోవాలో చెప్పే మేడమ్‌ని అందరూ భూతద్దం అంటారు. ఊరికే అనరు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుందని వాళ్ల చెల్లెలే నాతో చెప్పుకుని తల పట్టుకుంది. ఇరవయ్యేళ్లుగా ఆవిడ దగ్గర గుమాస్తాని నేను. ఒక్కనాడైనా ఫైళ్ల బీరువా తాళంచెవి నా చేతికివ్వలేదు. ఒళ్లు మండదా మరి?

ఆ శుక్రవారం చివరి ఏడాది అమ్మాయి ఒకతి వచ్చింది. సోమవారం ఉద్యోగంలో చేరాలి. కోర్సులన్నీ పూర్తయ్యాయని మేడమ్ సంతకం పెడితేనే చేర్చుకుంటారు. కంప్యూటర్ అన్నీ సరిపోయాయని చూపిస్తోంది. భూతద్దం నమ్మితేగా! పెన్సిల్‌తో ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ వచ్చి ఆగింది.

"స్టాటిస్టిక్స్ రెండుసార్లు చదివావేం? పేరు మార్చారంతే, పాఠాలు అవే. అంటే నీకో కోర్సు తక్కువ. సులువుగా మార్కులొస్తాయనా?"

అమ్మాయి ముఖం పాలిపోయింది. "మీరే రాసిచ్చారు మేడమ్, రెండో ఏడాదిలో."

"నేనా? అంత మతిలేని పని నేను చెయ్యను."

ఫైలు తీస్తే చీటీ ఉంది. ఆకుపచ్చ సిరా, ఆవిడ సంతకమే. ఆవిడ చీటీని రెండువైపులా తిప్పి చూసింది. తర్వాత అమ్మాయిని రేపు రమ్మని పంపేసి, నన్ను టీ తెమ్మంది. ఇన్నేళ్లలో నన్ను టీ అడిగిన పాపాన పోలేదు. నా మనసు కీడు శంకించింది.

తిరిగొచ్చేసరికి గదిలో ఆవిడ లేదు. ఫైలు బల్ల మీదే ఉంది. మూడుసార్లు తిరగేశాను. చీటీ లేదు. చించేసింది మహాతల్లి! తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఆ పిల్ల నోట్లో మట్టి కొట్టింది. ఆ కోపమంతా ఇంటికెళ్లి మా ఆయన మీద చూపించాను.

మర్నాడు విభాగాధిపతి నన్ను పిలిచారు. ఆయన ముందు అదే చీటీ ఉంది. కింద ఆకుపచ్చ సిరాతో, "తప్పు నాది, విద్యార్థినిది కాదు" అని రాసి ఉంది.

"ఆ ఒక్క కోర్సు మినహాయిస్తున్నాం. ఉత్తరం టైపు చెయ్యమ్మా," అన్నారాయన.

మేడమ్ గదిలో ఉత్తరం అందుకుని అమ్మాయి ఏడుస్తూ, నవ్వుతూ వెళ్లిపోయింది. మేడమ్ నా వైపు తిరిగింది.

"నిన్న ఫైలు వెతికావు. కాగితాల వరుస మారింది. చించేశాననుకున్నావు కదూ?"

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. "అవును మేడమ్."

"మంచిదే. నా సంతకాలనీ ఎవరో ఒకరు అనుమానించాలి. ఇకనుంచి అన్నీ నువ్వు చూశాకే బయటికెళ్తాయి."

బీరువా తాళంచెవి నా అరచేతిలో పెట్టి, తనే నా వేళ్లు మూసింది. మూసి, మూడుసార్లు నొక్కి చూసింది.