ఫ్రేములక్క చేతిమాట

మా వీధిలో అద్దాలు బిగించేవాళ్ళం ఇద్దరమే. నేను ఫోన్లకు, ఫ్రేములక్క ఫొటోలకు. మా రెండు షాపులకూ మధ్య ఒకటే గోడ. అటువైపు ఆవిడ సుత్తితో చిన్న మేకులు దిగగొడుతుంటే ఇటువైపు నా స్క్రూడ్రైవర్లు బల్ల మీద గంతులు వేస్తాయి. వయసులో ఆవిడ నాకన్నా చిన్నదే. అయినా వీధంతా అక్కా అంటుంటే నేనూ అక్కా అనే పిలుస్తాను. ఆవిడేమో నన్ను అన్నా అంటుంది. అలా ఒకరికొకరం పెద్దవాళ్ళమై చాలాకాలంగా నెట్టుకొస్తున్నాం.

ఫ్రేములక్క నోరు మహా పొదుపు. కొలత ఎంత, రంగు ఏది, ఎప్పటికి కావాలి, ఈ మూడు ప్రశ్నలతో ఆవిడ రోజు గడిచిపోతుంది. షాపు వెనకాలే గది. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, గోడల పొడవునా ఆనించి పెట్టిన ఫొటోలు. ఫ్రేము కట్టమని ఇచ్చి మళ్ళీ ఇటు మొహం చూపించని వాళ్ళవి. ఎవరిదో పెళ్ళి, ఎవరి తాతయ్యో, ఏదో బడిలో వరసగా నిలబడ్డ పిల్లలు. "ఇంట్లో ఇంతమంది ఉన్నారా, ఒక్కరూ లేచి టీ పెట్టరు" అనేది అప్పుడప్పుడు. ఆవిడ వేసే జోకు అదొక్కటే. మొదట్లో నవ్వేవాణ్ణి, తర్వాత తర్వాత నవ్వు రావడం మానేసింది.

ఆవిడ అసలు మాటలన్నీ సాయంత్రాలు ఉండేవి. షట్టరు సగం దించి, ఫోను బల్ల మీద నిలబెట్టి, తమ్ముడికి వీడియో కాల్ చేసేది. ఆ తమ్ముడికి పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. వేరే ఊళ్ళో బట్టల మిల్లులో పని. ఆ మగ్గాల మోతకు మిగతా వాళ్ళంతా చెవుల్లో దూది కుక్కుకుని, తల పట్టుకుని ఇంటికి పోతే, వాడొక్కడే తోటలో షికారు చేసొచ్చినట్టు బయటికి వస్తాడట. ఇది కూడా ఆవిడ చెప్పిందే. వాడి గురించి అయితే కాస్త ఎక్కువ మాట్లాడుతుంది.

అక్కాతమ్ముళ్ళకు సైగల భాష ఒకటి ఉంది. ఏ బడిలోనూ నేర్పేది కాదు. చిన్నప్పుడు వాళ్ళమ్మా, ఈవిడా, వాడూ కలిసి ఇంట్లో పుట్టించుకున్నది. అక్షరాలు కూడా ఈవిడే దిద్దించింది. వాళ్ళమ్మ పోయాక ఆ భాష ఈ లోకంలో ఇద్దరికే మిగిలింది. షాపు కట్టేసి వెళ్తూ నేను వంగి షట్టరు కింద నుంచి చూసేవాణ్ణి. నా దగ్గర మూడు ముక్కలకు మించి పలకని మనిషి అక్కడ రెండు చేతులూ గాల్లో ఎగరేస్తూ, బుగ్గలు ఊదుతూ, కళ్ళు గుండ్రంగా తిప్పుతూ, వాణ్ణి ఆటపట్టిస్తూ, పొట్ట పట్టుకుని నవ్వేది. ఇంత సందడీ జరుగుతుంటే చిన్న చప్పుడు కూడా ఉండేది కాదు. నా మీద చాడీలు చెబుతోందని నా అనుమానం. ఒకసారి వేలితో బట్టతల గీసి చూపించడం నేను కళ్ళారా చూశాను.

ఆ చెయ్యే పోయింది. పెద్ద గాజుపలక ఒకటి గోడవార నిలబెట్టిన చోటి నుంచి జారితే, ఆపుదామని అడ్డం పెట్టింది. ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేనే. దారిలో ఏడవలేదు, అరవలేదు, "మొత్తం పగిలిందా అన్నా?" అని గాజు గురించి అడిగింది. కుడి మణికట్టు దగ్గర నరం తెగిందన్నారు. కుట్లు పడ్డాయి, గాయం మానింది, వేళ్ళు మాత్రం ముడుచుకుని అలాగే ఉండిపోయాయి. బొటనవేలు ఒక్కటి కాస్త కదులుతుంది. రావచ్చు, రాకపోనూవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాట చెప్పడానికి అంత చదువెందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇంటికి వచ్చిన రోజే తమ్ముడికి అబద్ధం చెప్పేసింది, ఫోను కెమెరా పాడైందని. నాకు ఒళ్ళు మండింది.

"నా పక్క షాపులో ఉండి నీ కెమెరా బాగవలేదంటే నా పరువేం కావాలి అక్కా?"

"నీ పరువు తర్వాత చూసుకుందాంలే అన్నా. వాడికి తెలిస్తే పని మానేసి వచ్చి కూర్చుంటాడు. అమ్మకు బాగోలేనప్పుడూ ఇలాగే వచ్చేశాడు. మళ్ళీ పని కోసం ఎన్ని గుమ్మాలెక్కి దిగాడో నాకు తెలుసు. వినపడదు అనగానే తలుపేస్తారు."

"సరే, చెయ్యి బాగయ్యాక చెబుదువులే."

ఒళ్ళో ఉన్న చెయ్యి వైపు చూసుకుంది. "బాగవకపోతే? వాడితో మాట్లాడ్డానికి నాకున్నది ఇదే కదన్నా. ఇది లేకపోతే నేను ఎదురుగా కూర్చున్నా వాడికి లేనట్టే" అంది. విప్పి పెట్టిన ఫోను ఒకటి ఉంటే దాన్ని మళ్ళీ బిగించాను.

మెసేజీలు పెట్టొచ్చు కదా అంటారు. పెట్టింది. ఫోను బల్ల మీద పెట్టి ఎడమచేతి వేలితో ఒక్కో అక్షరం, దాని కింద ఒత్తు, పక్కన గుణింతం వెతుక్కుంటూ కొడుతుంటే, అవతల వాడు అక్క ఏదో పెద్ద కబురే రాస్తోందని కాచుక్కూర్చునేవాడు. చివరికి వెళ్ళేది "తిన్నాను" అని.

చూడలేక, "నోటితో చెబితే ఫోనే రాసుకుంటుంది, నేను పెట్టిస్తాను ఉండు" అన్నాను, ఆ విద్య నేనే కనిపెట్టినంత గొప్పగా. కీబోర్డు సెట్టింగుల్లోకి దూరి భాషల్లో తెలుగు చేర్చాను. వాయిస్ టైపింగ్ అని ఉన్నచోట ఆన్ చేశాను. మైకు వాడుకోనా అని ఫోను అడిగిన ప్రతిసారీ వాడుకో తల్లీ అని నొక్కాను. కీబోర్డు మూలన చిన్న మైకు బొమ్మ వచ్చి కూర్చుంది.

"ఇది నొక్కి మాట్లాడ్డమే. అక్షరాలు వాటంతటవే పడతాయి. ఒకసారి చదువుకుని, బాగుందనుకుంటే ఈ బాణం నొక్కు, వెళ్ళిపోతుంది."

నొక్కింది. మాట్లాడండి అని తెర మీద వచ్చింది. ఆవిడ మాట్లాడలేదు. ఫోను కాసేపు ఎదురుచూసి, టింగుమని తనే మూసుకుంది. మళ్ళీ నొక్కింది, మళ్ళీ అదే తంతు.

"ఏమక్కా, సిగ్గా? కావాలంటే నేను చెవులు మూసుకుంటాను."

"సిగ్గు కాదన్నా. వాడికి నోటితో ఎలా చెప్పాలో తెలీట్లేదు. ఎప్పుడూ చెప్పలేదు కదా."

అప్పటిదాకా నా బుర్రకు ఆ ఆలోచనే తట్టలేదు. చంకనేసుకుని పెంచిన తమ్ముణ్ణి ఆవిడ ఒక్కసారైనా నోరారా పిలిచి ఉండదు. పిలిస్తే లాభం లేదు మరి. బతిమాలడం, బెదిరించడం, వెక్కిరించడం అన్నీ చేతుల్లోనే ఉన్నాయి, గొంతులో వాడి కోసం ఏమీ లేదు. నాకు చాలా జాలేసింది. చివరికి ఎవరో కొత్త మనిషి షాపుకొచ్చి ఎదురుగా నిలబడ్డట్టు గొంతు సవరించుకుని, "తమ్ముడూ, నువ్వు కులాసాగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ అంతా క్షేమం. పని బాగా నడుస్తోంది" అంది. అక్షరాలు బిలబిలమంటూ తెర మీదికి వచ్చిపడ్డాయి. చుక్కలూ కామాలూ పెట్టలేదు గానీ ఒక్క తప్పు లేదు. నేను చప్పట్లు కొట్టాను. ఆవిడ దాన్ని ఎవరో రాసిన ఉత్తరంలా మెల్లగా చదువుకుని బాణం నొక్కింది.

ఆ సాయంత్రం నుంచీ గోడ అవతల గొంతు వినపడడం మొదలైంది. ఇన్నేళ్ళలో ఆ వేళప్పుడు అటు నుంచి మాట వినడం అదే మొదలు. వాన పడిందని, నల్లరంగు ఫ్రేములు ఎక్కువ పోతున్నాయని, వేళకు తినమని. వార్తలు చదివినట్టు చెప్పేది. మధ్యలో మైకు టింగుమని మూసుకుపోయినా గమనించక చెప్పుకుపోయేది. తర్వాత ఆగి, నిట్టూర్చి, మళ్ళీ మొదట్నుంచి. ఆ పాత చప్పుడులేని నవ్వులే నయమనిపించేది నాకు. గదిలో ఒంటరి మనిషి ఉందని ఆ గొంతు విన్నాకే నాకు బాగా తెలిసింది.

ఆ మైకుకు ఎవరి మాట రాయాలో, ఎవరిది వదిలేయాలో కూడా తెలియదు. ఒకరోజు ఆవిడ మెసేజీ చెబుతుండగా ఎవరో గిరాకీ ఫొటో పట్టుకుని వచ్చింది. వెళ్ళిన మెసేజీ ఏమిటంటే, "తమ్ముడూ జ్వరం తగ్గిందా మా మామగారి మెడ వంకరగా ఉంది కాస్త తిన్నగా పెట్టండి." అవతల నుంచి వెంటనే జవాబు: "మామగారు ఎవరు? నీకు పెళ్ళా?" ఆవిడ అది నాకు చూపించింది. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. చెయ్యి తెగాక ఆవిడ నవ్వడం నేను అప్పుడే చూశాను.

తర్వాత వాడి జవాబులు తగ్గిపోయాయి. ఊ అని ఒకటి, సరే అని ఒకటి, ఒక్కోసారి అదీ లేదు. పనిలో అలసిపోతున్నాడేమోలే అని నేను పెద్దరికంగా సర్దిచెప్పాను. ఒక మధ్యాహ్నం ఆవిడ నా షాపులోకి వచ్చి, స్టూలు మీద కూలబడి, ఫోను నా ముందు పెట్టింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

తెర మీద రెండు మెసేజీలున్నాయి. "నువ్వు ఎవరు?" దాని కింద, "అక్క ఫోన్ అక్కకు ఇవ్వు."

"వాడు నన్ను ఎవరు అంటున్నాడన్నా" అంది.

వాడి వైపు నుంచి చూస్తే వాడిదీ తప్పు కాదు. రోజూ కనిపించే మొహం కనిపించడం మానేసింది. తిట్టు లేదు, వెక్కిరింత లేదు, కోతిచేష్ట లేదు. అక్క పేరు మీద ఎవరో పెద్దమనిషి క్షేమసమాచారాలు పంపుతున్నాడు, మధ్యలో ఒక మామగారు. ఫోను ఎవరో కొట్టేశారని, అక్కకు ఏదో అయిందని అనుకోక ఏం చేస్తాడు?

"చిన్నప్పటిది ఏదైనా చెప్పక్కా. మీ ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ తెలియంది" అన్నాను.

మైకు నొక్కి చెప్పింది. ఇంట్లో దీపం ఆరిపోయిన రాత్రుళ్ళు సైగలు కనపడక, వాడి అరచేయి తెరిచి అందులో తన వేళ్ళు కదిపి మాట్లాడేదాన్నని, వాడు అలాగే మాట వింటూ నిద్రపోయేవాడని. చెబుతూ చెబుతూ గొంతు పూడుకుపోయింది. అక్షరాలకు మాత్రం ఆ పూడిక ఎక్కడా అంటలేదు, శుభ్రంగా వెళ్ళిపోయాయి.

జవాబు వచ్చింది. "ఇది అక్క చెప్పిందా నీకు? అక్క ఎక్కడ?" ఆ వెంటనే, "అక్క ఇలా మాట్లాడదు." ఆ తర్వాత, "నేను వస్తున్నా. పని వద్దు."

"చూశావా అన్నా, ఏది జరక్కూడదనుకున్నానో అదే జరుగుతోంది" అని ఆవిడ అంటుండగానే ఫోను మోగింది. వీడియో కాల్. మోగి ఆగిపోయింది. మళ్ళీ మోగింది. ఆవిడ దాన్ని పామును చూసినట్టు చూస్తోంది.

"ఎత్తక్కా."

"ఎత్తి ఏం చెప్పను? ఏ చేత్తో చెప్పను?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఏమీ చెప్పకు! నువ్వు ఉన్నావో పోయావో తెలీక అక్కడ వాడు చస్తున్నాడు. మొహం చూపించు చాలు" అని నేనే ఎత్తి, ఫోను ఆవిడ ఎదురుగా పట్టుకున్నాను.

వాడు మిల్లు ఆవరణలో నిలబడి ఉన్నాడు. జుట్టు నిండా దూది నలుసులు, పరిగెత్తి వచ్చినట్టు ఆయాసం. అక్క మొహం కనపడగానే వాడి భుజాలు దిగాయి, కళ్ళు మూసుకుని తెరిచాడు. ఆపైన ఫోను ఎక్కడో ఆనించి, రెండు చేతులతోనూ మొదలుపెట్టాడు. అవి తిట్లని నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ కుడి చెయ్యి బల్ల కిందే ఉంచి, ఎడమ చేత్తో ఏదో బదులు చెప్పబోయింది. ఆ చేతికి ఆ పని తెలియదు. వేళ్ళు తడబడ్డాయి. వాడు కళ్ళు చికిలించి చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ప్రయత్నించింది. వాడు మళ్ళీ ఊపాడు. తర్వాత ఆగి, తన రెండు అరచేతులూ తెరకు దగ్గరగా పెట్టి, ఇటూ అటూ తిప్పి చూపించాడు. రెండూ చూపించమంటున్నాడని నాకే అర్థమైంది.

ఆవిడ నా వైపు చూసింది. ఎడమ చేత్తో కుడి చేతిని పట్టుకుని, బల్ల మీదికి ఎత్తి పెట్టింది.

వాడు కదల్లేదు. ఆ ముడుచుకున్న వేళ్ళ వైపే చూస్తూ ఉండిపోయాడు. వాడి నోటి నుంచి పెద్ద అరుపు ఒకటి వచ్చింది. అది ఎంత పెద్దదో పాపం వాడికి తెలియదు, వీధిలో పోయేవాళ్ళు ఆగి లోపలికి తొంగిచూశారు. వాడి గొంతు నేను వినడం అదే మొదటిసారి. ఫ్రేములక్క రెండు కళ్ళలోంచీ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆవిడకు. నేను ఫోనుకు రెండో చెయ్యి కూడా ఆసరా పెట్టాను.

కాసేపటికి వాడు చొక్కాతో మొహం తుడుచుకున్నాడు. తన కుడి చేతిని వీపు వెనక పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో మాట్లాడడం మొదలుపెట్టాడు. వాడి ఎడమ చెయ్యి కూడా ఎందుకూ పనికిరానిదే. వేళ్ళు ఎటెటో పోతున్నాయి. అలవాటు కొద్దీ కుడి చెయ్యి బయటికి వస్తే దాన్ని గుర్రుగా చూసి, ఒక దెబ్బ వేసి, మళ్ళీ వెనక్కి నెట్టాడు. ఏడుపులోనే ఆవిడకు నవ్వొచ్చింది. తనూ ఎడమ చెయ్యి ఎత్తింది. ఒకరు చూపించింది ఇంకొకరు చూసి, కాదని, మళ్ళీ చూపించి, నడక రాని పిల్లల్లా పడుతూ లేస్తూ ఉన్నారు.

"ఏమంటున్నాడక్కా?" అని అడిగాను, ఉండబట్టలేక.

"తెలీట్లేదన్నా" అంది ఆవిడ, ఫోను మీది నుంచి చూపు తిప్పకుండా. "నేననేదీ వాడికి తెలీట్లేదు. నువ్వు మాత్రం దించకు, అలాగే పట్టుకో."