నలభై ఎలుకలకు ఒకటే బంతి

మాత్రల డబ్బాలో మడతపెట్టి ఉండే సన్నకాగితాన్ని ఈ కాలంలో ఎవరు చదువుతున్నారు? నేను చదువుతాను, భూతద్దం పెట్టుకుని, చివరి అక్షరం దాకా. (మా ఇంట్లో దీన్నే ఒక జబ్బు అంటారు.) అయిదో తరగతితో, అదీ తమిళంలో, నా బడి ముగిసింది. తెలుగూ ఇంగ్లీషూ నాకు నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఆ కాగితంలో మందు వల్ల కలిగే చెరుపు గురించి రాసిన చోటికి వచ్చేసరికి ఇప్పటికీ వేలు పెట్టి రెండుసార్లు చదువుతాను. ఎందుకంటే ఆ రోజుల్లో, ఇరవై రెండేళ్ల వయసులో, అలాంటి ఒక కాగితంలో ఆ చోటు ఖాళీగా అచ్చయ్యే పని నేను చేయబోయాను.

చిన్నమనూరు ద్రాక్షతోటల్లో గుత్తులు కోసుకునే నన్ను మా మామ కోయంబత్తూరు తీసుకెళ్లి, కొత్త మందులు పరీక్షించే ఒక చోట ఎలుకల గదిలో పనికి పెట్టాడు. నాలుగు వరుసల బోనులు, వాటిలో నలభై తెల్ల ఎలుకలు. మేత నాలుగు డబ్బాల్లో వచ్చేది. మొదటిదానిలో ఉత్త మేత, రెండోదానిలో కొత్త మందు కొంచెం కలిపినది, మూడోదానిలో ఇంకాస్త, నాలుగోదానిలో దండిగా. పైన ఒక డాక్టరమ్మ ఉండేది. అవినాశి వైపు మనిషి, ఇంట్లో మన తెలుగే. "ఏ డబ్బా ఆ వరుసకే అప్పా, మార్చద్దు" అని మాత్రం చెప్పింది. ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

అడగకుండానే నాకు ఒళ్లు మండింది. మందు అంటే మంచిదే కదా! ఆ మంచిది ఒక వరుసకు దండిగా, ఇంకో వరుసకు అసలు లేకుండానా? మా అవ్వ బంతిలో కూర్చున్నవాళ్లలో ఒకరికి నెయ్యి పోసి పక్కవాళ్లను దాటేస్తే ఊరుకునేది కాదు. "వలపక్షం చేస్తివంటే నా ఇంట్లో వడ్డించద్దు, పో!" అని గరిటె లాక్కునేది. ఆ అవ్వ మనవణ్ణి నేను. రెండో రోజు నుంచే నాలుగు డబ్బాలూ ఒక పెద్ద బేసిన్‌లో కుమ్మరించి, చేత్తో బాగా కలిపి, నలభై ఎలుకలకూ సమానంగా వడ్డించాను. కాగితంలో నాలుగు వరుసలకూ నాలుగు టిక్కులు కొట్టాను. (ఆ తృప్తితో రాత్రి హాయిగా నిద్రపోయేవాణ్ణి కూడా.)

నెల తిరిగింది. ఎలుకల నెత్తురు పరీక్షకు పోయి వచ్చింది. డాక్టరమ్మ కాగితాలు ముందేసుకుని కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"మందు లేని వరుసకీ లివర్ చెడిపోయి ఉండాదే! అయితే ఇది మందు తప్పు కాదప్పా. ఈ ఎలుకలకే ఏదో జబ్బు. మందు మంచిదే అని రాసి పంపేస్తా."

"పంపితే ఏమవుతాదమ్మా?"

"తరువాత మనుషులకు ఇచ్చి చూస్తారు."

"ఏ మనుషులకు?"

"నీమాదిరి, నామాదిరి మనుషులకే. ఇంకెవరికి?"

నా చేతిలోని నీళ్ల సీసా పక్కన పెట్టాను. నోరు విప్పితే పని పోతుంది. విప్పకపోతే ఆ నలభై ఎలుకల గతి ఊళ్లో ఎందరికి పడుతుందో!

"అమ్మా... మొదటి వరుసకూ మందు పోయినాది."

"ఎంత?"

"అందరికీ ఎంతో దానికీ అంతే. నేనే కలిపి పెడితిని. బంతిలో వలపక్షం తప్పు కదమ్మా!"

ఆమె స్టూలు మీద కూలబడింది. "అడప్పావీ, పాపిష్టోడా! ఎలుకలకు పెండ్లి విందు పెడితివా నువ్వు?"

తల వంచుకుని తుండు భుజాన వేసుకుని బయలుదేరాను. "నిల్లు!" అని కేక వేసింది. "మందు తినని వరుస ఒకటి లేకపోతే, తిన్నవాటికి వచ్చిన చెరుపు మందువల్లనా, నీళ్లవల్లనా, గాలివల్లనా అని ఎట్లప్పా తెలిసేది? మందు ఉప్పుమాదిరి. చారులో చిటికెడు వేస్తే రుచి, పిడికెడు వేస్తే వాంతి. ఎంత దాటితే విషమో తెలుసుకునేదానికే ఈ నాలుగు వరుసలు. ఇది నీకు మొదటి రోజే చెప్పక పోతిని, అది నా తప్పు. కొత్త ఎలుకలు వస్తాయి. తెలిసినోడివి, నువ్వే పెట్టాల."

మళ్లీ నలభై వచ్చాయి. ఈసారి నాలుగో వరుసకు మేత పెట్టేటప్పుడల్లా ఒక్కో బోనుకూ చెంపలు వేసుకున్నాను. చివర్లో వాటిని కోసి కాలేయం చూస్తారని తెలిసిన రోజు నాకు అన్నం దిగలేదు. చప్పటి మేత పడిన మొదటి వరుస ఎలుకలేమో 'మాకేదిరా?' అన్నట్టు నా వైపు చూసేవి. నెల తిరిగేసరికి అవి నిగనిగలాడుతున్నాయి. నాలుగో వరుసవి బొచ్చు రేగి మూలల్లో ముడుచుకున్నాయి, మూడో వరుసకూ నెత్తురు చెడింది. డాక్టరమ్మ ఉన్నది ఉన్నట్టు రాసింది. ఆ మందు ఎలుకల గది దాటి బయటికి పోలేదు.

మొన్న చిన్నమనూరులో మా మేనల్లుడి కొత్త ఇల్లు చేరే విందు. వరుసగా అరిటాకులు, వేడివేడి పాయసం. వడ్డిస్తున్న మనవరాలు పక్కాయన ఆకులో రెండు గరిటెలు పోసి నా ఆకు దాటేసింది.

"ఏమే! బంతిలో వలపక్షమా?" అని గర్జించాను.

"నీ షుగరుకి ఇది విషం తాతా. గమ్మున మజ్జిగ పోసుకో."

విషం అన్న మాట వినగానే నా కోపం చల్లారింది. చప్పటి మేత తిన్న ఆ మొదటి వరుసే కదా చివరిదాకా నిగనిగలాడింది! బుద్ధిగా మజ్జిగన్నం తిని ఆకు మడిచాను. మడుస్తూ, పక్కాయన పాయసం వైపు మాత్రం, ఆ ఎలుకలు నన్ను చూసినట్టే చూశాను.