కాళ్ళకు నేర్పుకున్న ఊరు

నిన్న పొద్దున కర్నూలు కూరగాయల బజారులో ఒకతను ఆటోలోంచి టమాటా పెట్టెలు దింపుతున్నాడు. అడుగు పెట్టెలో కాయలు నలిగి రసం కారుతోంది. ఎండకు వేడెక్కిన ఆ పుల్లటి వాసన తగలగానే ఏం కొనడానికి వచ్చానో మరిచిపోయి అక్కడే నిలబడిపోయాను. పత్తికొండ మార్కెట్ వీధి వాసన అది. ఖైరున్నీసా మేడమ్ ఆ వాసన ఆనవాలుతోనే ఎడమవైపు తిరిగేవారు.

నేను ఏఎన్‌ఎంగా కోసిగి ప్రాంతంలో ఉద్యోగంలో చేరినప్పుడు నా పై అధికారి ఆమె. పొట్టి మనిషి, ముతక నూలు చీర, భుజాన గుడ్డసంచి. భర్త చిన్న వయసులోనే పోయారు, పిల్లలు లేరు. ఆస్పత్రి జీపు కోసం ఎదురుచూడకుండా ఊరినుంచి ఊరికి నడిచిపోయేవారు. చేరిన కొత్తలో ఒక ఊళ్ళో ఏడో నెల గర్భిణి ఒకామె మూట కట్టుకుని సుగ్గికి బయలుదేరడం చూశాను. వానలు లేని ఏడు ఆ ఊళ్ళలో సగం మంది అట్లా పనులు వెతుక్కుంటూ దూరం పోతారు. నాకు ఒళ్ళు మండింది. "ఈ కడుపేసుకుని యాడికి పోతావు? బుద్ధుండాదా నీకు?" అని అందరిముందూ అరిచాను. మేడమ్ నన్ను పక్కకు జరిపి, ఆ పిల్లను అరుగు మీద కూర్చోబెట్టారు. ఏ ఊరు పోతున్నదీ, తోడెవరున్నదీ, అక్కడ ఆస్పత్రి ఎంత దూరమో అడిగారు. కార్డు మీద వేయించుకోవలసిన సూదులు రాసి, ఏ నొప్పి వస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలో రెండుసార్లు చెప్పి, ఆ పిల్ల చేతనే తిరిగి చెప్పించారు. దారిలో నాతో అన్న మాట ఒక్కటే. "పోవద్దని చెప్పేది శానా సులువు పద్మా. ఆ యమ్మ పోక తప్పదు. పోయినకాడ ఎట్లుండాల్నో చెప్పేదే మన పని."

పదవీ విరమణకు ఏడాది ముందు ఆమెకొక విచిత్రమైన అలవాటు పట్టుకుంది. ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని ఊళ్ళు చూడటానికి బయలుదేరేవారు. కర్నూలులో తమ్ముడికి మంచి ఇల్లు ఉంది. "అక్కా, నీ గది నీకు తీసి పెట్టినా" అని ఆయన ఎప్పుడూ పిలుస్తూనే ఉండేవాడు. అయినా ఈమె ఆదోని చూశారు, ఎమ్మిగనూరు చూశారు. చూడటమంటే గుళ్ళూ దర్గాలూ కాదు. బస్టాండులో దిగి, ఆస్పత్రికీ మందుల షాపుకీ పిండిమిల్లుకీ నడిచిపోవడం, మళ్ళీ వెనక్కి రావడం. "ఈడ రోడ్డు దాటాలంటే ఒకరు చెయ్యి పట్టుకోవాల. వద్దు" అని ఆదోనిని కొట్టిపారేశారు. పత్తికొండలో మాత్రం రెండుసార్లు తిరిగారు. మూడోసారి మార్కెట్ వీధిలో నాకు నాలుగడుగుల ముందు నడుస్తూ ఉన్నట్టుండి కాలువ అంచుకు ఒరిగిపోయారు. పరుగెత్తి పట్టుకున్నాను. చూస్తే ఆమె కళ్ళు మూసుకుని ఉన్నాయి.

"ఏమయింది మేడమ్? కళ్ళు తిరిగినాయా?"

"లేదు. నేనే మూసుకున్నా."

పక్కనే ఉన్న టీ అంగడి బల్ల మీద కూర్చుని అప్పుడు చెప్పారు. కంట్లో నీటి ఒత్తిడి. చూపు అంచుల నుంచి లోపలికి మూసుకుంటూ వస్తోందట. చుక్కల మందుతో ఆలస్యం చేయగలరు గాని పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్ చెప్పేశాడు. తమ్ముడికి కూడా తెలియదు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె నా గ్లాసు నా ముందుకు జరిపి, "టీ చల్లారిపోతాది, తాగు. కళ్ళుండంగానే కాళ్ళకు నేర్పించుకోవాల. దానికి సరిపోయేంత చిన్న ఊరు ఇది" అన్నారు.

ఉద్యోగం అయిపోగానే మార్కెట్ వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నారు. చూపున్న ఏడాదిన్నరా ఆమె చేసిన పని నడవడమే. పొద్దున ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, టమాటా బండ్లు నిండిన రోజుల్లో మరోసారి. ఏ అంగడి ముందు బండపరుపు ఉందో, పిండిమిల్లు చప్పుడు ఎక్కడిదాకా వినిపిస్తుందో, దర్జీ హుసేనప్ప మిషను ఏ మలుపులో ఉందో అన్నీ అట్లా నేర్చుకున్నారు. చూపు పూర్తిగా పోయాక కూడా ఆమె రోజూ పొద్దున ఆరున్నరకు ఆ టీ అంగడికి తనే నడిచి వచ్చేవారని అంగడి నడిపే మద్దిలేటి చెప్పేవాడు.

తర్వాత రెండేళ్ళకు, నీటి పైపు కోసం ఎవరో తవ్వి వదిలేసిన గుంతలో పడి ఆమె చెయ్యి విరిగింది. అప్పటికి నేను కర్నూలుకు బదిలీ అయ్యాను. తమ్ముడి ఇంట్లో ఆ రోజుల్లో పెళ్ళి పనులు. నేనే వెళ్ళి ఆమెను మా ఇంటికి తెచ్చేశాను. ఇంక పంపేది లేదని నాలో నేను తీర్మానించుకున్నాను కూడా. అన్నం చేతికి, నీళ్ళు చేతికి, మందులు వేళకు అందించాను. లేవబోతే పట్టుకునేదాన్ని. కట్టు విప్పేశాక కూడా ఆమె కుర్చీలోంచి లేవడం మానేశారు. తినడం తగ్గింది. ఒక మధ్యాహ్నం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నారు.

"పద్మా, పొద్దున్నా, సాయంత్రమా?"

"మధ్యాహ్నం మేడమ్. రెండున్నర."

"నీ ఇంట్లో నాకు అన్నీ ఉండాయి. నేను యాడుండానో నాకే తెలీకుండా ఉండాది. నన్ను ఆడ వదిలిపెట్టు."

నాకు కోపం వచ్చింది. "మళ్ళా పడితే? ఈసారి నడుం విరిగితే ఎవరు దిక్కు?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఈనాటికీ సిగ్గుపడతాను. ఆమె మాత్రం నెమ్మదిగానే అన్నారు. "పడొచ్చు. నువ్వు ప్రేమతోనే పట్టుకుంటాండావు, నాకు తెల్సు. కానీ నన్ను అడగల్యా."

ఆ వారమే బస్సెక్కాం. పత్తికొండ బస్టాండులో దిగగానే ఆమె నా చెయ్యి విడిపించుకున్నారు. "పది అడుగులు ఎనక రా. ఏమైనా సరే పట్టుకోవద్దు" అన్నారు. కర్ర ముందుకు చాపి నడవడం మొదలుపెట్టారు. నాలుగు నెలలు కుర్చీలో ఉన్న కాళ్ళు తడబడుతున్నాయి. మద్దిలేటి అంగడిలోంచి కేక వేశాడు. "ఏం మేడమ్మా, ఇన్నాళ్ళు యాడికి పోయింటివి?" "చుట్టాలింటికప్పా!" అన్నారు ఆమె, ఆగకుండానే. ఒకచోట మలుపు తప్పారు. ఎదురుగా గోడ. నేను కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డాను. ఆమె ఆగి, తల కొంచెం వంచి చాలాసేపు విన్నారు. వెనక్కి నాలుగడుగులు వేసి సరైన సందులోకి తిరిగారు. హుసేనప్ప మిషను ఆపి బయటికొచ్చి, "గుంత పూడ్చినారు మేడమ్మా, ఎడం పక్క రాళ్ళు మాత్రం అట్లే ఉండాయి" అని చెప్పాడు గాని, ఆయన కూడా చెయ్యి పట్టుకోలేదు. తన గది తలుపు దగ్గర సంచిలో తాళంచెవి వెతికి, తనే తాళం తీశారు. గడపమీద కూర్చుని ఒగరుస్తూ, చాలా నెలల తర్వాత నవ్వారు.

ఆ గదిలో ఇంకో ఆరేళ్ళు బతికారు. ఒకరోజు ఏడు గంటలైనా టీకి రాకపోయేసరికి మద్దిలేటి తన భార్యను పంపాడట. నిద్రలోనే పోయారు. నేను చేరేసరికి మార్కెట్ వీధిలో అంగళ్ళ షట్టర్లు సగం దించి ఉన్నాయి. తమ్ముడూ, హుసేనప్పా, పేర్లు తెలియని ఇంకెందరో ఆ సందుల గుండానే ఆమెను మోసుకుపోయారు.

నిరుడు మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడి కాలు ఈడుస్తోంది. నా ఉద్యోగమూ అయిపోయింది, ఈ కర్నూలు రద్దీలో ఆయన గేటు దాటలేరు. ఎక్కడ ఉందామని నేను తేల్చలేదు, ఆయన్నే అడిగాను. రెండు మూడు ఊళ్ళు కలిసి నడిచి చూశాక ఆయనే కోయిలకుంట్లలో ఒక చిన్న ఇల్లు ఎంచుకున్నారు. వచ్చే నెల మారుతున్నాం. మొన్న ఆ ఇంటికి సున్నం వేయించడానికి పోయినప్పుడు, "వీధి చివర సెలూన్ ఉండాది, గడ్డం గీయించుకొనొస్తా" అని కర్ర తీసుకున్నారు. నా చెయ్యి దానంతటదే ముందుకు పోయింది.

"నేనూ రావాల్నా?" అని అడిగాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "వద్దులే" అన్నారు. నేను గడపలోనే నిలబడిపోయాను.