మానుకోటలో పగటి చుక్కలు

మొగుళ్లపల్లి నుంచి ఇంటర్ చదవడానికి మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు వచ్చిన కస్తూరి, మూడో రోజు తర్వాత ఆరు నెలలు క్లాసులో నోరు విప్పలేదు.

చదువు రాక కాదు. పదో తరగతిలో బడికంతటికీ ఫస్టు వచ్చిన పిల్ల. తండ్రి రాంచందర్ పొలం పనులు వదులుకుని, రెండు బస్సులు మారి, రైల్వేలో పనిచేసే బావమరిది జనార్దన్ ఇంట్లో ఆమెను దింపి వెళ్లాడు. కాలేజీలో చేరిన మూడో రోజున ఫిజిక్స్ క్లాసులో లేచి, "సారు, గిది నాకు సమజ్ గాలే. మల్లొక్కసారి చెప్పుండ్రి" అంది. ముందు బెంచీల్లో రైల్వే క్వార్టర్ల అమ్మాయిలు కూర్చునేవారు. చాలామంది కోస్తా నుంచి బదిలీల మీద వచ్చినవాళ్ల పిల్లలు. వాళ్లు పడీపడీ నవ్వారు. వారం పాటు "సమజ్ గాలే" అన్న మాట క్లాసులో మార్మోగింది. వాళ్లలో అందరికంటే ముద్దుగా దాన్ని అనుకరించింది నిర్మల.

ఆ తర్వాత కస్తూరి ఎవరేమడిగినా తలూపడం నేర్చుకుంది. మధ్యాహ్నం డబ్బా ఎక్కడ విప్పాలో, ఎవరి పక్కన కూర్చుంటే లేచి వెళ్లిపోకుండా ఉంటారో రోజూ పొద్దున్నే లెక్కవేసుకునేది. రాత్రి పడుకునే ముందు నిర్మలలాగా "అలాగేనండీ" అని పెదవులతో అని చూసుకునేది. ఆ మాట తన నోట్లో అరువు తెచ్చుకున్న చెప్పులా వదులుగా ఉండేది.

ఎనభయ్యో సంవత్సరం ఫిబ్రవరిలో సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మానుకోట సరిగ్గా ఆ నీడ దారిలో ఉందని, మళ్లీ మన జీవితకాలంలో ఇక్కడికి రాదని ఫిజిక్స్ లెక్చరర్ ప్రకాశం సారు చెప్పారు. శనివారం మధ్యాహ్నం కాలేజీ మైదానంలో జాగ్రత్తగా చూపిస్తానన్నారు. కళ్లు పోతాయని ఊరంతా భయపడుతున్న రోజులవి. వరసగా ఒక్కొక్కరినీ వస్తారా అని అడిగారు. అందరూ ఏదో ఒక సాకు చెప్పారు. కస్తూరి వంతు వచ్చింది. అలవాటు కొద్దీ తలూపింది.

"శభాష్. ఒక్కరైనా ఉన్నారు" అన్నారు సారు.

అప్పుడు గానీ తను ఒప్పుకున్నదేమిటో ఆమెకు తెలియలేదు. కాదనాలంటే మాట్లాడాలి. మాట్లాడడం కంటే గ్రహణమే నయమనిపించింది.

జనార్దన్ భార్య కమలమ్మ మాత్రం ఊరుకోలేదు. నీళ్ల బిందెల్లో గరిక వేస్తూ, ఆడపిల్ల గుమ్మం దాటేది లేదంది. జనార్దన్ యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ అన్నాడు: "గ్రహణమని బండ్లు ఆగుతయా? నేను డ్యూటీకి పోత. అది కాలేజీకి పోతది."

మైదానంలో ముగ్గురే ఉన్నారు. సారు, కస్తూరి, అటెండర్ జైసింగ్. బజారులో ఒక్క తలుపూ తెరిచి లేదు. జైసింగ్ ఇంటి నుంచి తెచ్చిన పిండి జల్లెడను సారు ఎండకు ఎత్తి పట్టారు. కింద పరిచిన తెల్లకాగితం మీద ఒక్కొక్క రంధ్రానికి, గ్రహణం పట్టిన సూర్యుడి బొమ్మగా, ఒక్కొక్క నెలవంక పడింది. వందల నెలవంకలు, అన్నీ ఒకే వైపు వంగి. కస్తూరి వాటి మీద చేయి పెట్టింది. అవి ఆమె అరచేతిలోకి పాకాయి.

ఎండ సన్నగిల్లింది. వెన్నెల కాదు, సందె కాదు, ఆమె ఎన్నడూ చూడని వెలుతురు. కొంగలు బారులు కట్టి చెట్ల మీదికి మళ్లాయి. పడమటి నుంచి నీడ ఒకటి ఆకాశం మీదుగా పరుగెత్తుకొచ్చింది. "ఇప్పుడు చూడు" అన్నారు సారు.

ఆమె తలెత్తింది. సూర్యుడు ఉండాల్సిన చోట నల్లటి గుండ్రటి బిళ్ల. చుట్టూ తెల్లని వెలుగు, నీళ్లలో విప్పిన జుట్టులా. దానికి పైన ఒక పెద్ద చుక్క. దూరంగా గూడ్సు బండి లైటు వేసుకుని వెళ్తోంది. జైసింగ్ తలపాగా తీసి చేతులు జోడించాడు. కస్తూరికి కన్నీళ్లు కారుతున్నాయని తెలియలేదు. తను ఎవరి పక్కన కూర్చోవాలన్న దిగులు ఎంత చిన్నదో కూడా అప్పుడామె అనుకోలేదు. ఏమీ అనుకోలేదు. చూసింది, అంతే. రెండు నిమిషాలకు అంచున నిప్పురవ్వలాంటి వెలుగు మెరిసింది. సారు ఆమె తల కిందికి వంచారు.

సోమవారం సారు ఆమెను బల్ల దగ్గరికి పిలిచి, చూసింది చెప్పమన్నారు. నిర్మల భాషలో మొదలుపెట్టబోయి రెండో మాటకే ఆగిపోయింది. తర్వాత తన మాటలే వచ్చాయి.

"మూడున్నర దాటినంక ఎండ సల్లబడ్డది. ఒక్కసారే మొత్తం మబ్బయింది. గప్పుడు సూర్యుని దిక్కు సూసిన."

"మబ్బు పట్టాక సూర్యుడెలా కనిపించాడు?" నిర్మల అడిగింది. క్లాసు నవ్వింది.

కస్తూరికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తనకే నవ్వొచ్చింది. "మా దిక్కు చీకటిని మబ్బంటరు. మబ్బుల లేచి పొలం పోతరు మా బాపు. ఆకాశంల మొయిలే, మీరనే మబ్బే, లేదు ఆ రోజు. నల్లగ ఇట్లుండె" అని చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద గీసింది. గీస్తూ చెప్పింది. కొంగల సంగతి, చేతిలో పాకిన నెలవంకల సంగతి, జైసింగ్ దండం పెట్టిన సంగతి. ఎప్పుడో నవ్వు ఆగిపోయింది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

మధ్యాహ్నం నిర్మల డబ్బా పట్టుకుని ఆమె బెంచీకి వచ్చింది. "మావాళ్లు కిటికీలకు దుప్పట్లు కట్టారు. నేను లోపల కూర్చుని చెవులు రిక్కించాను. ఏమీ వినపడలేదు" అంది. డబ్బా మూత తీస్తూ, "భయం వేసిందా?" అని అడిగింది.

"ఏసింది. అయినా కండ్లు తిప్పబుద్ధి గాలే."

ఇద్దరికీ మాటలు కుదరడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. కొందరు చివరిదాకా ఆమెను ఎగతాళి చేస్తూనే ఉన్నారు. ఆమె మాత్రం మళ్లీ మౌనంలోకి వెళ్లలేదు. ఎనభై ఏడులో భూపాలపల్లి దగ్గర హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరింది. అక్కడ ఏ పిల్లయినా అడగడానికి జంకుతూ లేస్తే, పాఠం ఆపి, ఆ పిల్ల మాట పూర్తయ్యేదాకా నిలబడి వినేది.