సందుకూ సంధికీ నడుమ

నేను చెప్పిన అబద్ధాలన్నీ చిక్కపేటలో జనం నోరు తెరుచుకుని విన్నారు. నిజం ఒక్కసారే చెప్పాను. దానికే దెబ్బలు తినబోయాను.

మా మేనమామ చీరలంగడికీ పక్కనున్న ఇనుప సామాన్లంగడికీ నడుమ, మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు ఉంది. మామ అందులో చీరల మూటలు పెట్టేవాడు. సందు తనదని పక్కంగడాయన వాదన. ఆ ఉదయం ఆయన సందు గేటుకు బీగం వేసేశాడు. పన్నెండుకు పెళ్లివాళ్లు వస్తారు. వాళ్ల చీరలు లోపలున్న మూటల్లోనే ఉన్నాయి. పదకొండున్నరకు మామ సుత్తి పట్టుకుని గేటు ముందు నిలబడ్డాడు.

"బీగం పగిలితే పోలీసులొస్తారు మామా."

"రానీరా! పెళ్లివాళ్లకంటే ముందొస్తే కాఫీ ఇస్తా."

మాట ఎకసెక్కంగానే ఉంది కానీ చూపు బీగం మీదే ఉంది. ఐదు నిమిషాలు ఆగమని పక్కంగట్లోకి పరిగెత్తాను. ఆయనది కోలారు వైపు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. నేను పెద్దమనిషి ఫోజులో, "మామ సంధి అడుగుతున్నాడన్నా," అన్నాను.

ఆయన స్టూలు తన్నేసి లేచాడు. "సంది కావాలంటనా? నా సంది నేనెందుకిస్తానప్పా? ఆయప్పకు ఎంత పొగరుండాది!" చేతికి ఇనుప కడ్డీ అందుకున్నాడు.

కన్నడంలో సంది అంటే సందే. అది నాకప్పుడు తట్టింది. బయట సుత్తి దెబ్బ ఠంగుమంది.

"అన్నా, సంధి అంటే కలవడం! రెండు గోడలు కలిసే చోటూ అదే, జగడం మానడమూ అదే. నీ సంది కూడా ఆ మాటలోంచి పుట్టిందే!"

"మొన్న మెట్రో గుంతలో మొసలి ఉండాదని చెప్పింది నువ్వే కదా?"

గల్లా దగ్గర ఆయన భార్య తలెత్తింది. ఒకప్పుడు కన్నడం టీచరు. "ఈ పొద్దు అబద్ధం చెప్పలేదు లెండి. సంస్కృతంలో సంధి, కన్నడంలో సంది. ఎంతమంది పిల్లలతో బట్టీ పట్టించినానో. పోయి బీగం తీయండి."

ఆయన కడ్డీ గోడకు ఆనించి బయటికి నడిచాడు. మామ రెండో దెబ్బకు సుత్తి ఎత్తి ఉన్నాడు. ఆయన బీగం తీసి, పక్కకు తిరిగి తానే లోపలికి దూరి, మూట బయటికి చాపాడు. అందుకోవాలంటే మామ సుత్తి కింద పెట్టక తప్పలేదు.

ఆఖరి మూట అయ్యాక ఆయన సుత్తి వైపు చూశాడు. "ఇది మా అంగట్లోదే కదప్పా?"

"నీదే. పిడి వదులైపోయుండాది."

"ఇట్లియ్యి. బిగించిస్తా."