మా వాడికి కిడ్నీ జబ్బని చెప్పాను

నా కొడుకు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. మా ఊళ్లో నా మాట ఎవరూ నమ్మరు. బారువ సముద్రంలో పడవకంటే పొడుగైన చేప నన్ను చూసి దారిచ్చిందని ఒకసారి చెప్పాను లెండి. వాళ్లు నమ్మింది ఒక్కటే. అది నాలుగేళ్లుగా నా గుండెల మీద కూర్చుంది.

మా వాడు తాగుతాడు. ఇరవై నాలుగేళ్లకే పొద్దున్న లేస్తూనే చేతులు వణికేవి. ముఖం ఉబ్బేది. అన్నం ఇమిడేది కాదు. జీడితోటలో కూలబడిపోతే, ఏమైందని పక్క తోట అప్పన్న అడిగాడు. కిడ్నీ అన్నాను. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో ఆ మాట తరవాత అడిగేది ఒకటే.

"క్రియాటినైన్ ఎంతుంది మావా?"

నాలుగు పాయింట్ రెండు. నోటికొచ్చిన అంకె. తరవాతి నెల ఐదు చేశాను. జబ్బు ముదిరేకొద్దీ పెరిగే అంకె అది, కథ నిలబడాలంటే పెంచాలి కదా.

ఎందుకలా చెప్పావంటారా? తాగుబోతును కన్నవాణ్ణి చూసి నవ్వుతారు. రోగిని కన్నవాడికి అరుగు మీద చోటిస్తారు. నేను చోటు అడిగాను. అంతవరకే అయితే ఇప్పటికీ తప్పని ఒప్పుకోను.

అప్పన్నకు ఆ జబ్బు నిజంగానే ఉంది. మరో ముగ్గురితో కలిసి వారానికి రెండుసార్లు ఆటోలో పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకునేవాడు. మీవాణ్ణీ ఎక్కించమన్నాడు. కాదంటే కథ కూలుతుంది. వాడికి డయాలసిస్ దాకా రాలేదు, ఇంకా మందులతోనే నడుస్తోందని చెప్పి ఎక్కించాను. వాళ్లు ఆసుపత్రిలోకి పోతే మా వాడు బ్రాందీ షాపుకు పోయేవాడు, తిరుగు ఆటో వేళకు వచ్చేవాడు. వాళ్లకు వాసన తెలియలేదా? తెలిసే ఉంటుంది. అయినా జరిగి చోటిచ్చేవారు. కొడుకును చేజేతులా షాపు దాకా సాగనంపుతున్నానని నాకు తెలియదా? తెలుసు.

ఒక పొద్దున్న వాడు తాగకుండా వచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, నాను ఆటో ఎక్కను."

"ఏటయిందిరా?"

"అప్పన్న బావ తన సీటు నాకిచ్చి డ్రైవర్ పక్కన అంచు మీద కూకుంటన్నాడు. సూదులు గుచ్చిన సెయ్యి పట్టుకోని. నాకు సిగ్గేత్తంది. టెక్కల్లో తాగుడు మాన్పించే సోటుందంట, తీసుకెల్లు. ఊరికి నిజం సెప్పీ."

"ఇన్నాల్లు సెప్పిన అంకెలన్నీ ఏటి సెయ్యమంటావురా?"

"సెప్పినోడివి నువ్వు. నన్నడుగుతావేటి?"

వాళ్లమ్మ అడ్డం పడింది. పరువు పోతుందని ఏడ్చింది. ఆడదాని కన్నీళ్లు చూసి ఆగిపోయాను. వాడు వెళ్లి ఆటో ఎక్కాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

అప్పన్న పోయిన ఏడు చనిపోయాడు. మా వాడు ఇంకా తాగుతున్నాడు. ఇప్పుడు కాలేయం చెడింది. ఈసారి అంకెలు డాక్టరే చెప్పాడు. నేను పెంచాల్సిన పని లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరెవరు? ఆ హక్కున్నవాడు లోపలి గదిలో పడుకున్నాడు. వాణ్ణీ అడగను. అడిగితే ఇచ్చేస్తాడు, మెత్తటి వాడు. అంత తేలిగ్గా నాకు వద్దు.

ఒట్టేసి కూడా ఒకటి కల్పించాను. వాళ్లమ్మ ఏడవలేదు, వద్దనలేదు. ఆ పొద్దున్న వాడి బట్టలు సంచిలో సర్ది, చెప్పులేసుకుని, టెక్కలి బస్సు కోసం గుమ్మంలో నిలబడింది. ఆ సంచి లాక్కుని అటక మీదికి విసిరింది నేను. అదీ చెప్పేశాను.